వెల్లకోటలో వెల్లా లేదు, కోటా లేదు

మా ఇంటిపేరు వెల్లకోట అంటారు. ఆ మాట చెవినపడగానే కొత్తవాళ్ల మొహంలో కాస్త మర్యాద కనపడుతుంది. "ఓహో, కోట వారా! ఏ కోటండీ?" అని కుర్చీ జరుపుతారు. నాకు ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే. కోట లేదండీ. ఎప్పుడూ లేదు. ఉన్నది ఒక దొర. ఆ దొరకైనా కోట ఉందా అంటే అదీ లేదు. కాలవ గట్టు మీద తాటాకు పాక, అందులో ఒక మడత మంచం, ఒక గొడుగు. అంతే ఆయన సంస్థానం.

ఈ సంగతి కళ్లారా చూసినవాళ్లలో ఈ కాలవ మీద నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు. అందుకని రాస్తున్నాను. బడి మొహం చూడనివాడికి రాతలేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోండి. నాకు అక్షరాలు పడవల మీద వచ్చాయి. లాకులో నీళ్లు నిండేదాకా పడవ ఆగాలి గదా. అలా ఆగిన పడవల మూతి మీద రాసిన పేర్లు సరంగుల చేత చదివించుకుని, గట్టు మీద ఇసకలో దిద్దుకున్నాను. అందుకే నా అక్షరాలు ఇప్పటికీ అవతలి గట్టుకి కనపడాలన్నంత పెద్దవిగా ఉంటాయి. కాయితం ఎక్కువ ఖర్చవుతుందని మా ముసలిది సణుగుతుంది. సణగనీ.

ఆనకట్ట లేచి, దాని వెనక కాలవలు తవ్వుతున్న రోజులవి. మాది కోరుకొండ అవతల మెట్ట ఊరు. వానలు మొహం చాటేస్తే తట్టా బుట్టా నెత్తిన పెట్టుకుని పనికోసం ధవళేశ్వరం చేరాం. అప్పటికే నాకు మీసం వచ్చింది, భుజం గట్టిపడింది. నేల కొలిచే ఇనప గొలుసుకి ఒక కొస పట్టుకునే పని నాకిచ్చారు. రెండో కొస పట్టేవాళ్లు మారుతుండేవారు, నేను మాత్రం మారలేదు.

కాలవ పొడుగునా నలుగురైదుగురు దొరలు పని చేయించేవారు. ఎవరి మనుషులు ఎవరో తెలియాలి గదా. తెల్లారగానే మేస్త్రీ గట్టెక్కి, చెయ్యి నోటికడ్డం పెట్టి, ఆ దొర పేరు చెప్పి "వాళ్లు ఇటు!", ఈ దొర పేరు చెప్పి "వాళ్లు అటు!" అని కేకేసేవాడు. మా దొర పేరు వెల్లకాట్. ఆ 'ట్' దగ్గర మేస్త్రీ నోరు ఆగేది కాదు. తెలుగు నోరు అలా పొల్లు మీద ఒంటికాలితో నిలబడలేదు, కాలు కింద పెట్టాల్సిందే. "వెల్లకోట వాళ్లు ఇటు!" అనేవాడు.

"కోట కాదండి, కాట్ అండి," అనేవాడు దొర.

"చిత్తం, కోట," అనేవాడు మేస్త్రీ.

"కాట్, కాట్!"

"అదే గదండీ నేనూ అంటున్నాను, కోట."

నెల తిరక్కుండా దొర ఆశ వదులుకున్నాడు. మంచివాడు. తెలుగు బాగానే వచ్చు గాని, 'అండి' ఎక్కడ తగిలించాలో ఎక్కడ మానాలో తెలిసేది కాదు. బండెద్దుని కూడా "పక్కకి రండి" అనేవాడు. ఆ ఎద్దు మాత్రం ఒక్కరోజు కూడా ఆయన మర్యాదకి లొంగలేదు.

మధ్యాహ్నం గొలుసు చుట్టిపెట్టి నీడన కూర్చున్నప్పుడు ఆయన తన పేరు సంగతి నాకు చెప్పాడు. ఆ పేరు వాళ్ల దేశంలోనే అపురూపమట. డెవన్ అనే సీమలో, సముద్రం మొగాన ఉన్న కొద్ది ఊళ్లలో తప్ప ఎక్కడా వినపడదట. "లండన్‌లో చెబితే మళ్లీ చెప్పమంటారండి," అన్నాడు.

"ఇక్కడ మాకు మళ్లీ చెప్పక్కర్లేదు దొరా, మేం ఒకసారికే చెడగొట్టేస్తాం," అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు.

"కాట్ అంటే గుడిసె అండి. ఎవడో పాతకాలం వాడికి పొలంలో గుడిసె ఉంది. గుడిసె పేరు పొలానికి వచ్చింది. పొలం పేరు దున్నేవాళ్లకి వచ్చింది."

చూశారా! వాళ్లకీ మనలాగే, ఉన్న చోటుని బట్టి ఇంటిపేరు. నేను చెప్పొచ్చేది ఏంటంటే, జనం కోట కోట అని ఊరేగించే ఆ ముక్క అసలు గుడిసె. ఆయనకి పెళ్లి కాలేదు. "ఈ దేశంలో మా పేరు నాతో సరి," అనేవాడు. తర్వాత జ్వరాలు పట్టుకుని ఓడెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ ఆయన కబురు తెలియలేదు. కాని పేరు ఆయనతో సరి అవలేదు. కాలవ గట్టున మా దగ్గర వదిలేసి వెళ్లాడు.

ఎలాగంటారా? కాలవ పూర్తయ్యాక మాలో చాలామంది అక్కడక్కడే ఉండిపోయాం. ఒకడు లాకు తలుపులు తిప్పే లస్కరయ్యాడు, ఒకడు పడవెక్కాడు, ఒకడు గట్టు కింద చేలో కూలికి కుదిరాడు. ఆ తర్వాత మిషను వాళ్లు వచ్చారు, గుడి వచ్చింది, బడి వచ్చింది. బాప్తిస్మం ఇచ్చే అయ్యగారు ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి "మీ ఇంటిపేరేంటండీ?" అని అడిగారు. మాకు తెల్లమొహమే. మా పాత ఊళ్లలో మమ్మల్ని ఇంటిపేరు పెట్టి పిలిచిన నాథుడెవడు? ఒరే అనేవారు, వెళ్లేవాళ్లం. ఇంటిపేరని చెప్పుకోగలిగినట్టు ఎవరైనా మమ్మల్ని కేకేశారంటే అది గట్టు మీద మేస్త్రీ ఒక్కడే. "వెల్లకోట అండి," అన్నాడు ముందున్నవాడు. వెనకవాడూ అదే అన్నాడు. నేనూ అన్నాను. ఎవరి ఊరు వాడిది, ఎవరి రక్తం వాడిది, పేరు మాత్రం అందరికీ దొరదే.

నమ్మకపోతే పడవెక్కి చూసుకోండి. ధవళేశ్వరం దగ్గర నుంచి కడియం మీదుగా సామర్లకోట దాకా, గట్టు వెంట ప్రతి లాకు దగ్గరా ఒకటో రెండో వెల్లకోట వారి ఇళ్లు తగులుతాయి. గట్టు దిగి రెండు చేలు దాటారా, ఒక్కటి ఉండదు. మెట్టకి పోతే ఆ పేరే ఎవరూ ఎరగరు. దొర గొలుసు ఎక్కడిదాకా పడిందో పేరు అక్కడిదాకా పాకి ఆగింది. నరసాపురం వైపు ఒక్క కొమ్మ ఉందంటే, ఆ లస్కరుకి అటు బదిలీ అయింది కాబట్టి.

పేరైతే పాకింది గాని, దాని తల్లీతండ్రీ ఎవరో జనం మరిచిపోయారు. ఇక కథలు మొదలయ్యాయి. ఒక లాకు దగ్గర వాళ్లు మా పెద్దలు గోడలకి వెల్ల వేసేవారన్నారు. ఇంకో లాకు దగ్గర వాళ్లు అది 'వెలకోట', వెల కట్టలేని కోట అన్నారు. ఒకాయన మా తాత ఎప్పుడూ వెల్లకిలా పడుకునేవాడు, అందుకని వచ్చిందన్నాడు. ఉన్నవాటిలో నాకు అదొక్కటే నమ్మబుద్ధయింది.

ఇదంతా ఇలా నడుస్తుండగా మా మనవరాలి పెళ్లి వచ్చింది.

మా అబ్బాయి పడవ మీద తిరిగే మనిషి, ఇంటి విషయాలన్నీ నాకే వదిలేశాడు. వాడి కూతురు మిషను ఆడపిల్లల బడిలో టీచరు. పైలాకు దగ్గర మిషను ఆసుపత్రిలో ఒక కాంపౌండరు ఉన్నాడు. పిల్లలకి జ్వరం మందు ఇవ్వడానికి బడికి వచ్చేవాడు. జ్వరాలు తగ్గిపోయాక కూడా వస్తున్నాడంటే సంగతి ఏంటో మా ముసలిదానికి ముందే అర్థమైంది. పిల్లని అడిగితే దాపరికం లేకుండా చెప్పింది. "చేసుకుంటే అతన్నే చేసుకుంటాను తాతయ్యా. లేకపోతే నన్ను ఇలాగే బడికి వెళ్లనివ్వండి." కుర్రాడు బుద్ధిమంతుడు, సంపాదనపరుడు. అడ్డల్లా ఒక్కటే. వాళ్ల ఇంటిపేరూ వెల్లకోటే.

ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్లు. మతం మారినా మాకు ఆ పట్టింపు మారలేదు. పాస్టరు అయ్యగారు "వాక్యంలో అలాంటి నిషేధం ఏమీ లేదండి" అన్నారు గాని, సంఘ పెద్దలు ఒప్పుకోందే గుడిలో పెళ్లి ప్రకటన చదవలేనన్నారు. ఆ పెద్దల్లో పెద్ద, కుర్రాడి పెదనాన్నే. తండ్రి లేని కుర్రాణ్ణి పెంచిందీ ఆయనే. అందరి వెల్లకోటల్లోకీ గట్టి కోట ఆయనది. తెల్లపంచె, భుజం మీద ఉత్తరీయం, సంస్థానం నుంచి నిన్ననే దిగినట్టు నడక.

ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి అరుగు మీద ఆయన్ని పట్టుకున్నాను. నోరు తెరవకముందే ఆయన చేతులు జోడించాడు.

"బాబాయిగారూ, ఇలా అడగడం మీకు తగదండి. మీ మనవరాలు మావాడికి చెల్లెలవుతుంది."

"ఎవరయ్యా నీకు బాబాయి? మావయ్యా అని పిలు, పలుకుతాను."

"ఇంటిపేరు ఒకటయ్యాక మావయ్య ఎలా అవుతారండి, బాబాయిగారూ?"

ఆ 'బాబాయిగారూ' అనడంలో ఎంత తేనె ఉందో అంత కారం ఉంది. నేను నిలబడి, దొర సంగతి, మేస్త్రీ కేక సంగతి, గుడిసె సంగతి మొదటినుంచీ చెప్పాను. ఇంటికి వెళ్లబోతున్న జనం ఆగి చుట్టూ చేరారు. ఆయన మొహం ఎర్రబడింది.

"మా కోటని తీసుకెళ్లి దొర గుడిసెలో కలిపేస్తారా? మా నాన్న చెప్పారండి. నాలుగు బురుజులు. ఏటేటా వెల్ల వేసేవారట. ఎండలో చూస్తే కళ్లు చెదిరేవట."

"ఎక్కడుంది?"

"ఇప్పుడు లేదండి."

"అప్పుడు ఎక్కడుండేది?"

"అక్కడే ఉండేదండి."

జనం నవ్వారు. ఆ నవ్వు నాకు కల్లులా ఎక్కింది. ఇంకో రెండు ముక్కలు అనేశాను. "మీ నాన్నా నేనూ ఒకే దొర కింద మట్టిలో పని చేశాం. నువ్వప్పటికి పుట్టలేదు. ఆయన ఉప్పాడ అవతల నుంచి వచ్చాడు. ఊరెక్కడరా అంటే, సముద్రంలో ఉందిరా అనేవాడు. ఒడ్డు కోసుకుపోయి ఇళ్లన్నీ నీళ్లలో కలిశాయట. నేను మెట్టవాణ్ణి, ఆయన కడలి ఒడ్డు వాడు. మన రెండిళ్లకీ ఏ చుట్టరికమూ లేదు!"

గెలిచాననుకున్నాను. అప్పుడు పక్కనున్న ఇంకో పెద్దమనిషి, సంఘం కానుకల పెట్టె తాళం ఆయన దగ్గరే ఉంటుంది, గొంతు సవరించుకున్నాడు.

"అయితే, ఇద్దరిదీ ఆ ఒక్క దొర పేరేనంటారు?"

"అవును! అదేగా నేను చెప్పేది!"

"అంటే ఇద్దరికీ పేరు ఒకటేనన్నది ఖాయమైంది. మరి అన్నాచెల్లెళ్లే గదండీ."

"రక్తం వేరయ్యా!"

"రక్తం ఎవరు చూడొచ్చారండి? పిలిచేది పేరు పెట్టి గదా."

అరుగు మీద అందరూ "నిజమే, నిజమే" అన్నారు. నేను తవ్విన కాలవలో నేనే పడ్డాను.

ఇంటికొస్తే మా ముసలిది గుమ్మంలోనే కాచుకుంది. కబురు నాకంటే ముందే చేరింది.

"ఏమయ్యో, పెళ్లి కుదిర్చి రమ్మని పంపితే వాళ్ల నాన్న చేత మట్టి మోయించి వచ్చావా?"

"నిజం చెప్పానే!"

"నిజానికి పెళ్లి కుదిరింది గదా, దానికే పప్పన్నం పెట్టు."

మనవరాలు ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది, బడిలో మొండిపిల్లవాడి ముందు కూర్చున్నట్టు.

"తాతయ్యా, ఆ దొర పేరు మళ్లీ చెప్పు."

"వెల్లకాట్."

"వాళ్ల పేరు?"

"వెల్లకోట. కాని అది కూడా..."

"ఆగు. ఈ రెండూ పలక మీద రాస్తే ఒక మాటా, రెండు మాటలా?"

"రాస్తే రెండే అనుకో, కానీ..."

"కానీ లేదు. మనది దొర ఇచ్చిన పేరు. వాళ్లది కోట ఇచ్చిన పేరు. రెండు ఇంటిపేర్లు, రెండిళ్లు. ఇక అన్నాచెల్లెలు ఎక్కడ? ఆ కోట నిలబడి ఉన్నంతసేపూ నా పెళ్లికి అడ్డం లేదు. నువ్వు పొద్దుటినుంచీ దాన్నే పడగొడుతున్నావు."



"అయితే లేని కోటని ఉందనమంటావా?"

"ఉందనొద్దు. లేదనకు. చాలు."

చెప్పడం తేలిక! ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. పడవ మూతి మీద పేరు తప్పు రాస్తేనే ఆపి దిద్దించేవాణ్ణి నేను. అలాంటిది కళ్లెదుట అబద్ధం పంచె కట్టుకుని తిరుగుతుంటే ఊరుకోవాలట. లాకు గట్టున కూర్చుని ఆయన్ని తిట్టుకుంటుంటే, ఆయన బదులు వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. పనికి అలుపొచ్చినప్పుడు మేమంతా నీడ ఎక్కడుంటే అటు తిరిగి కూర్చునేవాళ్లం. ఆయన మాత్రం ఎండ పడినా తూర్పు మొగమే. అక్కణ్ణుంచి సముద్రం కనపడదు. అయినా అటే. రేపు కొడుకు పుట్టి, నాన్నా మన ఊరేది అని అడిగితే అలాంటివాడు ఏం చెబుతాడు? ఉప్పునీళ్లు చూపిస్తాడా? పిల్లవాడికి చూపించడానికి తెల్లగా మెరిసేది ఏదో ఒకటి కావాలి. పేరులో కోట ఎలాగూ ఉంది. నాలుగు బురుజులు లేపి ఉంటాడు. ఇది నా ఊహే, ఎవరూ నాతో చెప్పలేదు. కాని ఆ ఊహ వచ్చాక తిట్లు అంత ధాటీగా రాలేదు.

మరుసటి ఆదివారం అయ్యగారి వరండాలో పెద్దలంతా కూర్చున్నారు. మా మనవరాలు తలుపు పక్కన, కుర్రాడు మెట్ల కింద. నేను లేచి, వల్లించుకున్నది చెప్పాను.

"మా ఇంటిపేరు వెల్లకాట్ అండి. దొర దగ్గర పని చేసినందుకు వచ్చిన పేరు. ఇన్నాళ్లూ జనం నోళ్లలో నలిగి కోట అయింది. వారిది వేరు. ఆ పేరుతో మాకు పని లేదు."

అయ్యగారు నవ్వాపుకుంటూ, "ప్రకటనలో నేను చదవాలి గదండీ, అందరూ ఒకసారి పలకండి," అన్నారు.

"వెల్లకాటు," అన్నాడు తాళంచెవి పెద్దమనిషి.

"కాటు కాదండి, అది పాము వేసేది. కాట్."

"వెల్లకాటే," అన్నాడు ఇంకొకాయన.

యాభై ఏళ్ల తర్వాత ఆ దొర బాధ నాకు పూర్తిగా తెలిసొచ్చింది. అయినా 'కాటు' అన్నా మాకు నష్టం లేదు, 'కోట' అనకపోతే చాలు. అందరూ ఒప్పుకున్నట్టే తలలూపారు. కుర్రాడి పెదనాన్న మాత్రం ఊపలేదు. ఉత్తరీయం సర్దుకుని నా వైపు తిరిగాడు. ఆ రోజు ఆయన మొహంలో పెద్దరికం లేదు. పోయిన ఆదివారం జనం నవ్విన నవ్వు ఇంకా అక్కడే ఉంది.

"మీ పేరు సంగతి సరేనండి. మా కోట సంగతేంటి? ఆ రోజు లేదన్నారు గదా. గొలుసు పట్టుకుని ఈ సీమంతా తిరిగారు. ఎక్కడైనా కనపడిందా, లేదా?"

"గొలుసు మోసేవాడి కళ్లు నేల మీద ఉంటాయి నాయనా..."

"ఒక్కమాటలో చెప్పండి. చూశారా, చూడలేదా?"

మనవరాలు తలుపు చెక్క పట్టుకుని నా వైపు చూస్తోంది. బతిమాలుతున్నట్టు లేదు. పిల్లవాడు తప్పు చెబుతాడని తెలిసీ జవాబు కోసం ఎదురుచూసే టీచరు చూపది. అబద్ధం ఆడితే నా నోరు పడిపోతుందనుకున్నాను. పడిపోలేదు. మహా సాఫీగా వచ్చింది.

"చూశాను."

"ఎలా ఉందండీ?"

"తెల్లగా ఉంది."

"బురుజులు?"

"నాలుగూ ఉన్నాయి. ఒకదానికి కాస్త సున్నం రాలింది."

రాలిన ఆ సున్నం దగ్గర ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. లేని కోటకి రాలిన సున్నం ఉంటే ఇక నమ్మకుండా ఎలా ఉంటాడు? లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ప్రకటన చదివించండి, మావయ్యగారూ," అన్నాడు.

మూడు ఆదివారాలు ప్రకటన చదివారు. అయ్యగారు మా పేరు దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టి 'కాట్' అని టక్కున ఆపేవారు, మేకు కొట్టినట్టు. పెళ్లయింది. మా పిల్ల దొర పేరు వదిలి కోటలోకి కాపరానికి వెళ్లింది. ఇప్పుడు వాళ్లకి పిల్లలు కూడా. ఎవరూ విడదీసేది లేదు గనక ధైర్యంగా ఇదంతా రాస్తున్నాను. కుర్రాడి పెదనాన్నకి పాటల పుస్తకం తప్ప ఇంకేదీ చదివే అలవాటు లేదు, ఆ భయమూ లేదు.

కాని నా అవస్థ తీరలేదు. పండక్కో పబ్బానికో నేను అక్కడికి వెళ్తే చాలు, ఆ పెదనాన్న మజ్జిగ చేతికిచ్చి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, "మావయ్యగారూ, కోట సంగతి చెప్పండి, కళ్లారా చూసినవారు మీరొక్కరే," అంటాడు. ఒక ఏడు సింహద్వారం కట్టాల్సొచ్చింది. మరుసటేడు కందకం తవ్వాను. కాలవలు తవ్విన చోట పని చేసినవాణ్ణి గదా, కందకం మాత్రం బాగా కుదిరింది. మొన్న వెళ్తే ఏనుగులు ఉండేవా అని అడిగాడు.

ఏనుగుల దగ్గర నేను ఖచ్చితంగా లేవన్నాను. మనిషన్నాక ఎక్కడో ఒకచోట నిజానికి నిలబడాలి. ఆయన చాలాసేపు బతిమాలి, చివరికి గుర్రాలతో సరిపెట్టుకున్నాడు.